‘అక్కా’ అని పిలిచి 53,100 కట్టించుకున్నారు: యోగా టీచర్లు, చిన్న వెల్‌నెస్ సెంటర్లు నడిపేవాళ్లు జాగ్రత్త

కాకినాడలో మా ఇంటి మేడ మీద తొమ్మిదేళ్లుగా యోగా క్లాసులు చెబుతున్నాను. పొద్దున ఐదున్నరకి ఒక బ్యాచ్, సాయంత్రం ఇంకొకటి. మొత్తం 26 మంది ఆడవాళ్లు, నెలకి 700 ఫీజు. బోర్డు కూడా లేదు. ఒకావిడ వస్తే ఆవిడ ఆడపడుచు వస్తుంది, ఆ తర్వాత పక్కింటావిడ వస్తుంది. అలా నడిచింది. పెద్దమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరాక ఇంకో పదిమంది వస్తే బావుండు అనిపించింది. నేను ఇరుక్కున్నది అక్కడే.

పోయిన జూన్‌లో ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. యోగా టీచర్లకి, ఆయుర్వేద మసాజ్ సెంటర్లకి, ఇంట్లో నలుగు పిండి, తైలాలు చేసి అమ్మేవాళ్లకి ‘నైతికమైన, బంధాల మీద నిలబడే మార్కెటింగ్’ నేర్పుతామని. అబద్ధాలు చెప్పక్కర్లేదు, ఎవరినీ విసిగించక్కర్లేదు, మనసుతో అమ్మండి అని. 99 రూపాయలకి ఆదివారం లైవ్ వెబినార్. నాకు కావలసింది సరిగ్గా అదే కాబట్టి కట్టేశాను.

అది లైవ్ కాదు. ఆ రోజు నాకు తెలియలేదు. చాట్‌లో రెండు ప్రశ్నలు అడిగితే జవాబు రాలేదు, జనం ఎక్కువున్నారేమో అనుకున్నాను. మూడు వారాల తర్వాత మా ఆయన నంబరుతో మళ్లీ 99 కట్టి చూశాం. అదే చొక్కా, అదే చోట దగ్గు, ‘మా దగ్గర కరెంటు పోయేలా ఉంది, త్వరగా చెప్పేస్తా’ అన్న అదే మాట. చివర్లో ‘ఈ బ్యాచ్‌లో మూడే సీట్లు’ అన్నది కూడా మారలేదు.

మొదటి వెబినార్ తర్వాత వచ్చిన మంగళవారం వాళ్ల తరఫున ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గంటా పది నిమిషాలు మాట్లాడాడు. మొదటి మాటే ‘అక్కా, తిన్నారా?’ అని. పిల్లలేం చదువుతున్నారు, బావగారేం చేస్తారు, బంగారం మీద అప్పు ఏమైనా ఉందా, అన్నీ అడిగాడు. ఎవరో సొంత తమ్ముడు అడిగినట్టే అడిగాడు, నేనూ చెప్పాను. యోగా నాకు మా నాన్న నేర్పారని, ఆయన పోయిన ఏడాదే క్లాసు మొదలుపెట్టానని కూడా చెప్పాను. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ‘ఇంట్లో అడిగి రేపు చెబుతాను’ అన్నాను. కాసేపు ఆగి, ‘మీ నాన్నగారు ఉంటే ఏమనేవారక్కా? నీ మీద నీకు నమ్మకం లేదా అనేవారు కదా?’ అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఐదు నిమిషాల్లో ఐదు వేలు పంపేశాను. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆ ఫోను. ఆ కుర్రాడి మీద పెద్ద కోపం లేదు, వాడి ముందు ఎవరో రాసిచ్చిన కాగితం ఉండి ఉంటుంది. కానీ ఆ గంటలో నేను చెప్పుకున్న మాటల్లో ఒక్కటీ వృథా పోలేదు, ప్రతిదీ నా మీదికే తిరిగొచ్చింది. డబ్బు అందేవరకు ‘అక్కా’. ఆ మర్నాటి నుంచి ‘మేడమ్’. రిఫండ్ అడిగాక ‘డియర్ కస్టమర్’.

వాళ్లు అమ్మిన మార్కెటింగ్ కోర్సు 45,000. దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే 53,100, అంటే నాకు దాదాపు మూడు నెలల ఫీజు. ముందు ఇచ్చిన ఐదు వేలు పోను మిగతా 48,100 ‘వాయిదాల్లో కట్టండి, వడ్డీ లేదు’ అన్నారు. ఒక లింకు పంపి, ఓటీపీలు చెప్పమన్నారు. నేను వాళ్లకే వాయిదాలు కడుతున్నాననుకున్నాను. నిజానికి నా పేరు మీద వేరే ఫైనాన్స్ కంపెనీలో అప్పు పుట్టింది. ఆ డబ్బు మొత్తం ఒకేసారి కోర్సువాళ్లకి వెళ్లిపోయింది. ఇప్పుడు కోర్సు వద్దంటే ‘లోన్ సంగతి వాళ్లతో మాట్లాడుకోండి’ అని వీళ్లు, ‘కోర్సు గొడవతో మాకు సంబంధం లేదు, వాయిదా ఆపితే సిబిల్ దెబ్బతింటుంది’ అని వాళ్లు. నెలనెలా 4,000 పైనే పోతోంది.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా నిన్నో ఇవాళో ఇలా సంతకం పెట్టి ఉంటే వెంటనే లోన్ కాగితాలు తీయండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్లకి ‘కూలింగ్ ఆఫ్’ గడువు ఉండాలి. ఆ గడువు లోపల అసలూ, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఎన్ని రోజులన్నది ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే కాగితంలో రాసి ఉంటుంది. నాకూ ఈమెయిల్‌లో వచ్చిందది. నేను తెరిచేసరికి గడువు దాటి చాలా రోజులైంది.

ఇక నేర్పినదేమిటంటే, మొదటి రెండు వీడియోలూ మంచి మాటలే. మూడో దాంట్లో టెంప్లేట్లు ఇచ్చారు. అందులో ఖాళీలు పూరించే అభిప్రాయాలు: ‘నేను ఫలానా గారి క్లాసులో చేరిన 21 రోజుల్లో నా షుగర్ నార్మల్‌కి వచ్చింది.’ పేరు మన ఇష్టం, ఫొటో ఇంటర్నెట్‌లో తీసుకోమన్నారు. కషాయాలు, పొడులు అమ్మేవాళ్లకీ ఇదే టెంప్లేటు. మందు పేరు చెప్పి మధుమేహం, ఊబకాయం తగ్గిస్తామని ప్రకటన వేయడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. రేపు పట్టుబడేది టెంప్లేటు ఇచ్చినవాడు కాదు, పోస్టు పెట్టిన మనమే. ఇంకో పాఠంలో వెబ్ పేజీలో గడియారం పెట్టమన్నారు, ఆఫర్ అయిపోతోందని చూపించడానికి. పేజీ మళ్లీ తెరిస్తే అది మళ్లీ మొదటికి వస్తుంది. ఇలాంటి తప్పుడు తొందరనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో ఇచ్చిన ‘డార్క్ ప్యాటర్న్స్’ (కొనేవాళ్లని మాయచేసే పద్ధతులు) మార్గదర్శకాల్లో పెట్టింది. వాటిలో మొత్తం 13 రకాలున్నాయి. నాకు అమ్మిన తీరులోనే మూడో నాలుగో కనబడ్డాయి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. టెంప్లేట్లు వాడలేదు కానీ వాళ్లిచ్చిన వాట్సాప్ సాఫ్ట్‌వేర్ వాడాను. క్లాసు గ్రూపులోవీ, మా వీధి వినాయక చవితి గ్రూపులోవీ నంబర్లన్నీ అందులో వేసేశాను. ఎవరినీ అడగలేదు. రెండు రోజుల్లో 300 మెసేజ్‌లు వెళ్లాయి, మూడో రోజు నా వాట్సాప్ బ్లాక్ అయింది. తొమ్మిదేళ్ల నుంచి అందరి దగ్గరా ఉన్న నంబరది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. క్లాసుకి రెండు రోజులు రానివాళ్లకి దానంతటదే వెళ్లే మెసేజ్ ఒకటి అందులో ఉంది: ‘మీ ఆరోగ్యం మీద మీకు శ్రద్ధ లేదా?’ అని. అది మా వీధి చివరి పిన్నిగారికి వెళ్లింది. ఆవిడ అప్పుడు బాబాయిగారితో ఆసుపత్రిలో ఉన్నారు. పాత పద్ధతిలో అయితే రెండో రోజే నేనే వెళ్లి కనుక్కునేదాన్ని. ‘నీ దగ్గర్నుంచి ఆ మాట వస్తుందనుకోలేదమ్మా’ అన్నారు, అంతే. ఆవిడతో కలిపి ముగ్గురు మానేశారు.

కోర్సులో చేరిన 26వ రోజున రిఫండ్ అడిగాను. ‘30 రోజుల్లో నచ్చకపోతే నూటికి నూరు శాతం వాపసు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది కదా. దానికింద చిన్న అక్షరాల్లో, ఆరు పాఠాలూ పూర్తిచేసినట్టు రుజువు చూపాలట. ఐదో పాఠం తెరుచుకునేది 45వ రోజున. ముప్ఫై రోజుల్లో ఆరూ ఎలా పూర్తిచేయాలో మీరే చెప్పండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. దానికి కోర్సు కంపెనీ జవాబు: ‘ఆవిడ వ్యాపారి, వినియోగదారు కాదు.’ చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు, తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది: సొంతంగా పనిచేసుకుంటూ బతకడానికే కొన్న వస్తువుని వ్యాపారం కోసం కొన్నట్టు లెక్కపెట్టకూడదు. అక్కడ రాసింది వస్తువుల గురించే, కానీ సేవకి కూడా అదే వర్తించాలని మనం వాదించొచ్చు. మేడ మీద యోగా చెప్పుకునేవాళ్లు, ఇంట్లో తైలం కాచి అమ్మేవాళ్లు అలా బతుకుతున్నవాళ్లే. ఆ కంపెనీ వేరే రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. నేను కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అందుకే కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు.

ఇలాంటివి కొనేముందు వాళ్లు మీకెలా అమ్ముతున్నారో చూడండి, రేపు మీ చేత మీవాళ్లకి చేయించేది అదే. ఫోన్‌లో ఉండగా డబ్బు పంపొద్దు. ‘ఇవాళే’ అంటే ‘అయితే వద్దు బాబూ’ అనేయండి, మొహమాటపడకండి. రిఫండ్ షరతులు కట్టకముందే ఈమెయిల్‌లో రాసివ్వమనండి. వాయిదాలంటే అప్పు ఇచ్చేదెవరో పేరు అడగండి. వాళ్లు చూపించే పాత విద్యార్థులతో కాదు, పాత బ్యాచ్‌లో మీకు మీరుగా వెతికి పట్టుకున్న ఒకరితో మాట్లాడండి. నేను అలా తర్వాత ఇద్దరిని పట్టుకున్నాను, ఒకరిది భీమవరం, ఒకరిది వరంగల్. ఇద్దరి కథా ఇదే. వరంగల్ ఆవిడతో మాట్లాడిన కుర్రాడు ఆవిడ చనిపోయిన అమ్మగారి ఊసు తెచ్చాడట.

కాల్ రికార్డులు, స్క్రీన్‌షాట్లు, ఆ ప్రకటన వీడియో ఉన్నవాళ్లు చెరపకండి. ప్రకటన వాళ్లు మార్చేస్తారు. నేను చూసినప్పుడున్న ‘30 రోజులు’ ఇప్పుడు ఆ పేజీలో లేదు, నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. పిన్నిగారింటికి రెండుసార్లు వెళ్లొచ్చాను. బాబాయిగారు ఇంటికి వచ్చేశారు. ఆవిడ కాఫీ ఇచ్చారు గానీ క్లాసు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.