ఎలెవెన్ ప్లస్‌కి యాడ్‌వర్బ్స్: పట్టికా, కార్డులా, కథల పుస్తకాలా, ఏది మేలు?

ఇంగ్లండ్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట, పిల్లలు ఇయర్ ఫోర్‌కి, అంటే ఎనిమిది తొమ్మిదేళ్లకి, వచ్చారంటే చాలు, ఎలెవెన్ ప్లస్ మాట వచ్చేస్తుంది. పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే గ్రామర్ స్కూళ్లకి ప్రవేశ పరీక్ష ఇది. దేశం మొత్తం మీద ఉన్న ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లు 163. వాటిలో 13 మేముండే బకింగ్‌హమ్‌షైర్‌లోనే ఉన్నాయి. ఇయర్ సిక్స్ మొదలవుతూనే, సెప్టెంబరులో పరీక్ష. 121 స్కోరు వస్తే అర్హత వచ్చినట్టు. ఆ స్కోరులో సగం వెర్బల్‌దే, అంటే మాటల ప్రశ్నలదే, మిగతా సగాన్ని లెక్కలూ, బొమ్మలతో అడిగే నాన్ వెర్బలూ పంచుకుంటాయి. లెక్కలు మనం ఇంట్లో కూర్చోబెట్టి చెప్పుకుంటాం. పిల్లలకు చిక్కొచ్చేది మాటల దగ్గర, అందులోనూ యాడ్‌వర్బ్స్ దగ్గర.

ఎందుకంటే నౌన్ అయితే బొమ్మ చూపించొచ్చు, వెర్బ్ అయితే చేసి చూపించొచ్చు. యాడ్‌వర్బ్ చెప్పేది పని జరిగిన తీరు. రిలక్టెంట్లీ, గ్రడ్జింగ్లీ రెండింటికీ తెలుగులో ‘అయిష్టంగా’ అనే అంటాం. కానీ మొదటిదాంట్లో ఉన్నది వెనకాడడం, రెండోదాంట్లో ఉన్నది లోపల గొణుగుడు. ‘అర్థంలో దగ్గరి మాట ఏది’ అని ఇచ్చే ప్రశ్నల్లో రెండు జవాబులు సరైనవిలాగే కనిపించినప్పుడు, నిలబెట్టేది ఈ తేడాయే.

మేము ముందు పట్టికతోనే మొదలుపెట్టాం. ఎడమవైపు మాట, కుడివైపు దాని సినానిమ్, అంటే అదే అర్థమున్న ఇంకో మాట, రోజుకి ఇరవై. చూడ్డానికి పని బాగా సాగుతున్నట్టే ఉంటుంది, నెల తిరిగేసరికి వందల మాటలకు టిక్కులు పడతాయి. ఒకరోజు మా పాపని హార్డ్లీతో వాక్యం రాయమన్నాను. పరీక్ష కోసం అన్నయ్య హార్డ్లీ చదివాడు, అందుకే ఫస్ట్ వచ్చాడు అని రాసింది! హార్డ్లీ, బేర్లీ, స్కేర్స్లీ మూడూ ఒకటేనని అంతకుముందు వారమే నాకు గడగడా అప్పజెప్పింది. మూడూ ఒకటేనని తెలుసు, ఆ ఒకటి ఏమిటో తెలియదు. తను రాసినదానికి అర్థం ‘చదివీ చదవనట్టు చదివాడు’ అని చెప్పాక, పెన్సిల్ పక్కన పెట్టి చాలాసేపు ఆ వాక్యాన్నే చూసింది.

పట్టికలో ఇంకో చిక్కు కూడా ఉంది. చివర ‘లీ’ ఉన్న ప్రతి మాటా యాడ్‌వర్బేనన్న నమ్మకం పిల్లల్లో పాతుకుపోతుంది. ఫ్రెండ్లీ, లోన్లీ, కౌవర్డ్లీ అడ్జెక్టివ్స్. చివర లీ లేని సెల్డమ్ యాడ్‌వర్బే, అర్థం ‘అరుదుగా’. ఈ సంగతి జత కట్టిన మాటల్లో తెలియదు, వాక్యంలోనే తెలుస్తుంది.

కార్డుల పద్ధతి దీనికంటే ఎంతో మేలు, అయితే కార్డు సరిగ్గా రాసుకుంటేనే. మాట ఒకవైపు, అర్థం రెండోవైపు రాస్తే అదీ ముక్కలు చేసిన పట్టికే. మేము ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం రాశాం, వెనకవైపు మాట, దాని అడ్జెక్టివ్, తెలుగులో ఒక చిన్న మాట. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతి ఉంది: సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరకు వెళ్తుంది, తప్పిన కార్డు మొదటి అరకు వస్తుంది. మొదటి అరని రోజూ, చివరి అరని ఎప్పుడో ఒకసారి తీస్తాం. వచ్చిన మాటల మీద టైము పోదు. పది నిమిషాలు చాలు. మాకు పాత చెప్పుల పెట్టె సరిపోయింది.

ఆ తెలుగు మాట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పని తీరు చెప్పడంలో మన భాషకున్న సంపద చాలా పెద్దది. నడక చకచకా అయితే బ్రిస్క్లీ. తిండి గబగబా అయితే హేస్టిలీ. తాపీగా అయితే లీజర్లీ, ఇది అడ్జెక్టివ్‌గానూ వస్తుంది కాబట్టి కార్డు మీద గుర్తు పెట్టుకున్నాం. పొల్లుపోకుండా చేస్తే మెటిక్యులస్లీ. చప్పుడు కాకుండా పిల్లిలా వస్తే స్టెల్తిలీ, దొంగచూపులు చూస్తూ చేస్తే ఫర్టివ్లీ. ‘గబగబా తినకమ్మా’ అని పసితనం నుంచీ వింటున్న పిల్లకి హేస్టిలీలో ఉన్న తొందరపాటు విడమరిచి చెప్పనక్కర్లేదు. పరీక్ష అయ్యేదాకా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను గట్టిగా వద్దంటాను.

భోజనాలయ్యాక ఆట కూడా ఆడేవాళ్లం. ‘ప్లేటు సింకులో పెట్టు, గ్రడ్జింగ్లీ’ అంటే మూతి ముడిచి, కాళ్లీడ్చుకుంటూ వెళ్లి, ప్లేటు టక్కున పడేసేది. ‘ఇప్పుడు రిలక్టెంట్లీ’ అంటే రెండడుగులు వేసి ఆగి, వెనక్కి చూసి, మళ్లీ ఒక అడుగు. ఆ రెండు మాటలూ ఒకటేనని ఇంకెప్పుడూ పొరబడలేదు.

ఇక కథల పుస్తకాలు. టైముంటే వీటికి సాటి లేదు. ఒక్కో మాట పది కథల్లో పది సందర్భాల్లో ఎదురై దానంతటదే ఇంకుతుంది. పాత బ్రిటిష్ కథల్లో ప్రెజెంట్లీ అంటే ‘కాసేపట్లో’ అన్న అర్థం కూడా అలా చదివితేనే పట్టుబడుతుంది. కాకపోతే కథ జోరులో తెలియని మాటని దాటేసి పోతారు, అది తప్పూ కాదు. పుస్తకం ఎప్పుడు ఏ మాట ఇస్తుందో మన చేతిలో ఉండదు. ఫోన్ యాప్‌లు నాకు నచ్చలేదు. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం ఊహతోనూ అయిపోతుంది.

ఇయర్ ఫోర్‌లో ఉన్న పిల్లలైతే పుస్తకాలే ముందు, వారానికి ఓ ఐదారు కార్డులు పక్కన. ఇయర్ ఫైవ్ ఈస్టర్ దాటిపోయిందంటే కార్డులే ముందు, రాత్రి పడుకునే ముందు పుస్తకం. పట్టికని పారేయకండి, ఆగస్టు కోసం దాచండి. కుడివైపు కాగితం కప్పి, ఒక్కో మాటకి సినానిమ్ అడక్కుండా వాక్యం అడగండి. ఏ మాట దగ్గర ఆగితే దానికి ఆ పూటే కార్డు రాసి మొదటి అరలో వేయండి.