నాటుకోళ్లకు నట్టల మందులు: కొన్నేళ్లు వాడాక నా మాట

తిరుపతి వైపు పాకాల దగ్గర మా తోటలో నాటుకోళ్లు పెంచుతున్నాం. నట్టలకు, అంటే పేగుల్లో పెరిగే పురుగులకు, పైపరజిన్, ఆల్బెండజోల్, లెవామిసోల్ మూడూ కొన్నేళ్లుగా వాడి చూశాను. నా ఓటు ఆల్బెండజోల్‌కే. అయితే మందు పోసిన మర్నాడు రెట్టలో ఎన్ని పురుగులు పడ్డాయో చూసి మార్కులు వేయొద్దు.

ఆ లెక్కన చూస్తే పైపరజినే ఫస్టు. అది ఏలిక పామును (పేగులో ఉండే గుండ్రటి పొడుగు పురుగు) చచ్చుబడేలా చేస్తుంది, పట్టు తప్పిన పురుగును పేగు బయటికి నెట్టేస్తుంది. సేమ్యా పోగుల్లా తెల్లగా కదులుతూ పడతాయి. పక్క తోటాయన చూసి "ఏం మందన్నా ఇది, నాకూ ఒక సీసా తెచ్చీ" అన్నాడు. కానీ పడేవి పెద్ద పురుగులే. పేగు పొరలో దూరి పెరుగుతున్న పిల్ల పురుగులు చాలావరకు అలాగే ఉంటాయి. బద్దె పురుగుల (రిబ్బన్‌లా చదునుగా ఉండేవి) మీద దీని ప్రభావం దాదాపు లేనట్టే. అందుకే కొన్ని వారాలకే కోళ్లు మళ్లీ రెక్కలు వేలాడేస్తాయి.

ఆల్బెండజోల్ పిల్ల పురుగుల మీద కూడా పనిచేస్తుంది. దీంతో చిరాకు ఏమిటంటే నీళ్లలో కరగదు, తొట్టి అడుగున తెల్లగా పేరుకుంటుంది. నేను తవుడు ముద్దలో కలిపి పెడతాను. అప్పుడు ఇంకో తంటా: బలమైన పుంజులు ముద్దంతా మింగేస్తాయి, నిజంగా మందు కావాల్సిన నీరసపు కోళ్లు పక్కన నిలబడి చూస్తుంటాయి. వాటిని పట్టుకుని విడిగా నోట్లో పోయాల్సిందే. లెవామిసోల్ నీళ్లలో చక్కగా కలుస్తుంది గానీ చేదు. రోగనిరోధక శక్తి కూడా పెంచుతుందని షాపుల్లో చెప్పి అమ్ముతారు. ఆ మాట నమ్మి మోతాదు పెంచితే ప్రమాదం.

కోడి తన వంతు పోరాటం తనూ చేస్తుంది. పేగు గోడలోని గోబ్లెట్ కణాలు జిగురు వదులుతాయి, ఆ జిగురు పురుగు ఎదగకుండా అడ్డుపడుతుంది. వయసుతో పాటు ఆ కణాలు పెరుగుతాయని, అందుకే పెద్ద కోళ్లు తట్టుకుంటాయని 1939లోనే అమెరికాలోని కాన్సాస్‌లో అకర్ట్ బృందం రాసింది. మూడు నెలలు దాటని కోడిపిల్లలకే దెబ్బ ఎక్కువ. విటమిన్ ఎ తగ్గితే ఏలిక పాములు ఇంకా రెచ్చిపోతాయి. మునగాకు తరిగి వేయడానికి నాకు అదొక్క కారణం చాలు.

నట్టల మందు వేయడానికీ వేయకపోవడానికీ అసలు తేడా నాకు కనబడింది టీకా దగ్గర. పురుగుల మీద పోరాటంలో కోడి రోగనిరోధక వ్యవస్థ ఒక వైపు మొగ్గుతుంది, వైరస్ మీద స్పందన మందగిస్తుంది. ఏలిక పాములున్న కోళ్లలో కొక్కెర తెగులు (వైరస్‌తో వచ్చే రాణిఖెట్ జబ్బు) టీకాకు యాంటీబాడీలు తక్కువగా వచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. అందుకే ఆ తెగులుకే ఎనిమిదో వారంలో వేసే ఆర్‌2బి టీకాకు వారం ముందు నట్టల మందు వేస్తాను. ఈ వరస పెట్టుకున్నాక టెన్షన్ చాలా తగ్గింది. టీకా వేయించాం కదా, ఇంకెందుకీ మందు అనేవాళ్లకు ఇదే నా జవాబు.

ఏ మందుకైనా ఒక హద్దుంది. రెట్టతో నేలమీద పడిన పురుగు గుడ్డును అది తాకలేదు. తడి, వెచ్చదనం దొరికితే ఆ గుడ్డు 10 నుంచి 20 రోజుల్లో అంటుకునే దశకు వస్తుంది, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన విడవదు, షెడ్డులో నేలమీద పరిచిన చెనక్కాయ పొట్టు ముద్దకట్టిపోతుంది. మందు వేసిన మర్నాడే ఆ పొట్టు ఎత్తేసి పొడిది పరవకపోతే డబ్బు దండగ. వానపాములు తిన్నా ఏలిక పాములు రావచ్చు, బద్దె పురుగులు చీమలు, పేడపురుగుల ద్వారా వస్తాయి. కోళ్లను పేడదిబ్బ ఎక్కకుండా ఆపడం మాత్రం ఇప్పటికీ నా వల్ల కాలేదు. రెట్టలో తెల్లటి చిన్న ముక్కలు కనబడితే అవి బద్దె పురుగువే, డాక్టరుని అడిగి దానికి వాడే ప్రాజిక్వాంటెల్ మందు వేస్తాను.

మోతాదు కోడి బరువును బట్టి పశువైద్యుడే చెప్పాలి. మేలో గంగమ్మ జాతరకు పుంజులు అమ్మేవాళ్లు మందు వేశాక మాంసానికి, గుడ్లకు ఎన్నాళ్లు ఆగాలో కూడా అప్పుడే అడిగి రాసుకోండి. పెద్ద సీసాలు తక్కువ కోళ్లున్నవాళ్లకు వేస్టు, చిన్నదే అడగండి.