ఎమ్మెల్యేనా, పట్టభద్రుల ఎమ్మెల్సీనా?

తెనాలిలో 2014లో ఎమ్మెల్యేగా గెలిచిన ఆలపాటి రాజేంద్రప్రసాద్, 2025లో డిగ్రీ చదివినవాళ్లే ఓటేసే కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలికి వెళ్లారు. రెండు దారుల లెక్కలు వేరు. ఎమ్మెల్యేకి 25 ఏళ్లు నిండాలి, పదవి ఐదేళ్లు, ఖర్చుకి 40 లక్షల పరిమితి. ఎమ్మెల్సీకి 30 ఏళ్లు, పదవి ఆరేళ్లు, ఖర్చుకి పరిమితే లేదు. ఇది మార్చి తీరాలి.

అసలు కష్టం మండలి ఎన్నికలోనే. ఓటర్ల జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. పోయినసారి ఓటేసినవాళ్లూ ఓటు నమోదుకి ఫారం 18 మళ్లీ నింపాలి, డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి ఉండాలి. అభ్యర్థి గెలుపు సగం ఈ నమోదు దగ్గరే తేలుతుంది. బ్యాలెట్‌పై గుర్తులుండవు, అక్కడిచ్చిన పెన్నుతోనే అభ్యర్థుల పేర్లకి ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, 1 వేయకుండా 2 వేసినా ఓటు చెల్లదు. చదువుకున్నవాళ్ల ఓట్లే ఇలా పోతుంటాయి.