ఒక సర్వరు, మూడు వెబ్‌సైట్లు: ఐపీలు మూడా, ఒకటా?

ఒంగోలులో ఒకే సర్వరు మీద చీమకుర్తి గ్రానైటు వ్యాపారికి, ఉదయగిరి చెక్క గరిటెల దుకాణానికి, నెల్లూరు వైపు రొయ్యల మేత అమ్మే వారికి సైట్లు నడుపుతున్నారనుకుందాం. ముగ్గురూ తొలుత అడిగే ప్రశ్న ఒకటే: ‘మా సైటుకు సొంత ఐపీ ఉందా?’ ఐపీ అంటే ఇంటర్నెట్‌లో సర్వరును చేరుకోవడానికి వాడే అంకెల అడ్రసు.

సర్వరుకు మూడు ఐపీ అడ్రసులు ఇచ్చి, అభ్యర్థన ఏ అడ్రసుకు వచ్చిందో చూసి సైటును ఎంచడం పాత పద్ధతి. అడ్రసు ఒకటే ఉంచి, బ్రౌజరు అభ్యర్థనతో పాటు పంపే ‘హోస్ట్’ హెడరు అనే వరుసలోని సైటు పేరును బట్టి ఎంచడం రెండోది. బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే నియమావళి అయిన హెచ్‌టీటీపీలో 1997 నాటి 1.1 వెర్షను ఈ హెడరును తప్పనిసరి చేసింది. ట్రంకు రోడ్డు కాంప్లెక్సుకు డోరు నంబరు ఒకటే అయినా, కొరియరు కుర్రవాడు కవరు మీది పేరు చూసి సరైన దుకాణంలో ఇచ్చిపోవడం వంటిదే ఇది.

చిక్కంతా సమాచారాన్ని రహస్య లిపిలో పంపే హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చింది. అక్కడ పేరు, అతికించి మూసిన కవరు లోపల ఉంటుంది. సైటు అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్‌ను మాత్రం సర్వరు కవరు విప్పకముందే చూపాలి. అందుకే ఒకప్పుడు సైటుకొక ఐపీ కొనక తప్పేది కాదు. 2003లో ప్రమాణంగా వెలువడిన ఎస్‌ఎన్‌ఐ (సర్వర్ నేమ్ ఇండికేషన్) ఆ పేరును కవరు పైకి తెచ్చింది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది తెలియదు గాని, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆగిపోయింది గనుక, ఈ కారణంతో ఇవాళ ఐపీలు కొనడం డబ్బు దండగే.

పైగా పాత రకం ఐపీలైన ఐపీవీ4 అడ్రసులు మొత్తం 429 కోట్లే. అడ్రసులను పంచిపెట్టే ప్రాంతీయ సంస్థలకు ఇవ్వవలసిన చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. అందుకే అదనపు అడ్రసుకు నెలనెలా అద్దె కట్టించుకోవడం మామూలైంది. కొత్త రకమైన ఐపీవీ6 అడ్రసులకు కొదవ లేదు గాని, ఐపీవీ4 మాత్రమే ఉన్న సందర్శకుడికి అవి అందవు.

వేరే ఐపీ నిజంగా పనికొచ్చే సందర్భాలు రెండున్నాయి. ఒక సైటును ముంచెత్తేలా అభ్యర్థనలు గుప్పించే దాడి జరిగితే హోస్టింగ్ సంస్థ ఆ ఐపీకి వచ్చే ట్రాఫిక్‌ను పారబోసి, తక్కినవాటిని బతికించగలదు. సర్వరే పడిపోతే మాత్రం మూడు ఐపీలూ కలిసే పడిపోతాయి, ఈ సంగతి ఖాతాదారుకు ముందే చెప్పడం మంచిది. రెండోది మెయిలు. ఒక సైటు నుంచి స్పామ్ వెళ్లి ఐపీ బ్లాక్‌లిస్టులో (స్పామ్ పంపే అడ్రసుల జాబితాలో) చేరితే, పక్క సైటువారి కొటేషన్లు కూడా స్పామ్ ఫోల్డరులోకి పోతాయి. అయితే సైటుకు కొత్త ఐపీ ఇచ్చినంత మాత్రాన మెయిలు దాని గుండా పోదు. బయటికి పంపే అడ్రసును మెయిలు సర్వరులో విడిగా నిర్దేశించాలి.

ఒకే ఐపీ పద్ధతిలోనూ ఒక ఉచ్చు ఉంది: తెలియని పేరుతో వచ్చిన అభ్యర్థనకు సాధారణంగా సర్వరు అమరికలో (సెట్టింగుల్లో) మొదట ఉన్న సైటే జవాబిస్తుంది. మేత కోసం వచ్చిన రైతుకు గ్రానైటు పలకలు కనిపించకుండా, మొదటి స్థానంలో ఒక ఖాళీ సైటును పెట్టుకోవాలి.

నేనైతే మూడు సైట్లనూ ఒకే ఐపీ మీద ఉంచి, విదేశీ కొనుగోలుదారులతో మెయిళ్ల మీదే బేరాలు నడిపే గ్రానైటు వ్యాపారి మెయిలుకు మాత్రం రెండోది తీసుకుంటాను, అదీ ఆ అడ్రసు పాత చరిత్రను బ్లాక్‌లిస్టుల్లో వెతికి చూసి, పీటీఆర్ రికార్డు (ఆ ఐపీ ఏ పేరుదో చెప్పే నమోదు) పెట్టించుకున్న తరువాతే.