మంగు పోగొట్టే ఆయిల్ కొనబోతున్నారా? నేనిచ్చిన ఐదు స్టార్లు నమ్మకండి

కిందటేడు ఈ ఆయిల్‌కి ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. వాడకముందు, వాడాక అంటూ అమ్మ చెంప ఫొటోలు రెండు పెట్టాను. "పది రోజుల్లో మచ్చ మాయం" అని రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. అమ్మకి అరవై రెండేళ్లు, నలభై ఏళ్లు ఎండలో పొలం పని చేసిన మనిషి. ఎడమ కంటి కింద గోధుమరంగు మచ్చ ఐదారేళ్లుగా ఉంది. ఆ వయసు ఆడవాళ్లలో మంగు లేనిదెవరికిలే అనుకున్నాం. చెల్లి పెళ్లి కుదిరాక ఫొటోల్లో బాగోదని వాట్సాప్‌లో చూసి నేనే ఆర్డర్ పెట్టాను. చిన్న సీసా, 1,150 రూపాయలు. పుల్లతో అద్దితే మంట పుట్టి, పక్కు కట్టి, ఊడిపోతుంది. "మచ్చే కదరా, ఏటైపోద్ది" అంటూ అమ్మ మూడు రాత్రులు ఆ మంట ఓర్చుకుంది. పక్కు ఊడింది, కింద గులాబీరంగు చర్మం తేలింది. పెళ్లిలో చుట్టాలందరూ అడిగి మరీ ఆ నంబరు తీసుకున్నారు. పిన్నికి నేనే ఒక సీసా తెప్పించాను.

ఎనిమిది నెలలకి, మానిన చోటు అంచున నలుపు తేలింది. మళ్లీ అదే ఆయిల్ రాయబోయాం. సీసాలో మందు ఎండిపోయి బతికిపోయాం.

శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ లైటున్న భూతద్దం లాంటిది, డెర్మోస్కోప్ అంటారట, పెట్టి చాలాసేపు చూశారు. "దీనికి ఇంతకుముందు ఏం రాశారు?" అన్నారు. పాత ఫొటో ఉందా అంటే, మూడేళ్ల కిందట అరసవల్లి రథసప్తమికి వెళ్లినప్పుడు తీసింది ఫోన్లో దొరికింది. పెద్దది చేసి చూపించారు. చింతగింజంత మచ్చ, ఒక అంచు వంకర, లోపల రెండు రకాల గోధుమరంగు, ఒక మూల నలుపు. మంగు సాధారణంగా రెండు చెంపలకీ ఇంచుమించు ఒకేలా వస్తుందట. ఇది ఒక్క చెంపకే ఉంది. రోజూ ఆ ముఖం చూస్తూ అన్నం తిన్న మాకెవరికీ అది తట్టలేదు.

ముక్క తీసి పంపితే మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, అని వచ్చింది. లెంటిగో మాలిగ్నా అనే రకం. ఏళ్లపాటు ఎండ తగిలిన ముఖం మీద పెద్ద వయసులో వస్తుంది, చాలాకాలం చర్మం పై పొరలోనే మెల్లగా పాకుతుంది. సిరా చుక్క అద్దుడు కాగితం మీద పాకినట్టు, కంటికి కనిపించే అంచు దాటి కూడా ఉంటుంది. ఆ దశలో చుట్టూ అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వరకు మంచి చర్మం కలిపి కోసేస్తే చాలావరకు అక్కడితో సరి. లోపలి పొరకు దిగితే లెక్క మారుతుంది. అప్పుడు మందం మిల్లీమీటర్లలో కొలుస్తారు. మన ఆయిల్ చేసిందల్లా పైనున్న రంగును కాల్చేయడమే. కింద కణాలు ఉన్నచోటే ఉన్నాయి. పైన మచ్చలేదు కాబట్టి చూసేవాళ్లూ లేరు. ఆయిల్ వల్ల క్యాన్సర్ వచ్చిందని నేను అనడం లేదు, డాక్టరమ్మా అనలేదు. దాన్ని దాచిపెట్టింది, అంతే. నాకు అదే ఎక్కువ కోపం.

విశాఖలో ఆపరేషన్ అయింది. మందం మిల్లీమీటరు దాటింది. క్యాన్సర్ పాకిందేమో చూడటానికి రంగు మందు ఎక్కించి, చెవి ముందున్న లింఫు గ్రంథి తీసి పరీక్షిస్తే అందులో ఏమీ లేదు. అమ్మయ్య అనుకున్నాం. కానీ కోసిన ముక్కలోనే, అసలు గడ్డకి కాస్త ఎడంగా, అవే కణాల చిన్న గుంపు విడిగా కనబడింది. పక్క కణజాలానికి అలా చేరితే, గ్రంథి శుభ్రంగా ఉన్నా మూడో స్టేజీ కిందే లెక్క. కంటి కింద రెప్ప లాగేయకుండా చెంప చర్మం జరిపి కుట్టారు. అమ్మ ఇప్పుడు అద్దం గోడవైపు తిప్పి పెడుతోంది.

మన దేశంలో మెలనోమా అరుదు. వచ్చినా అరికాళ్లలో, గోళ్ల కింద ఎక్కువ. ముఖం మీద మచ్చల్లో చాలావరకు ఏ హానీ చేయనివే, టెన్షన్ పడకండి. కానీ ఏది ఏదో సీసా అమ్మేవాడికి తెలియదు. లేజర్‌తో కాల్చేసినా పరీక్షకి పంపడానికి ముక్క మిగలదు. ముందు ఒక్కసారి చర్మం డాక్టరుకి చూపించండి, పెద్దాసుపత్రి ఓపీ అయినా సరే.

సీసా మీద "హెర్బల్" అని తప్ప ఏం కలిపారో లేదు, బ్యాచ్ నంబరు లేదు, లైసెన్స్ నంబరు లేదు. కొన్నప్పుడు చూడలేదు. పుట్టుమచ్చలు పోగొడతామని ఇలాంటివి అమ్మిన సంస్థలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే హెచ్చరిక లేఖలు పంపిందని తర్వాత చదివాను.

అమ్మినతనికి మెసేజ్ పెడితే, మూత తీయని సీసా అయితేనే డబ్బు వాపసు అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. పిన్ని సీసా మూత తీయలేదు, దాన్ని సాక్ష్యంగా దాచాను. నా రివ్యూ తీసేశాను గానీ, ఆ ఫొటోలు అతను తన ప్రకటనలో వాడుకుంటున్నాడు. కంటి కింద గులాబీరంగు తేలిన ఎడమ చెంప కనిపిస్తే, అది మా అమ్మది.