సొంతంగా కట్టుకున్న వాల్వ్ గిటార్ ఆంప్‌కి ఫిల్టర్ కెపాసిటర్లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. ఫిల్టర్ కెపాసిటర్లంటే పవర్ సప్లైలోని డీసీలో మిగిలిన హెచ్చుతగ్గుల్ని చదును చేసేవి. నా వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) ఆంప్‌లో ఇప్పుడు రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) వెనకే ఎఫ్ అండ్ టీ బ్రాండ్ 47 మైక్రోఫారడ్ 500 వోల్ట్‌ది ఉంది. చోక్ (హెచ్చుతగ్గుల్ని అడ్డుకునే తీగచుట్ట) తర్వాత జేజే బ్రాండ్ 32+32 మైక్రోఫారడ్ డబ్బా (ఒకే డబ్బాలో రెండు కెపాసిటర్లు), ప్రీఆంప్ (గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) వైపు మళ్లీ ఎఫ్ అండ్ టీ 22 మైక్రోఫారడ్‌వి రెండు ఉన్నాయి. ఇవి వేసి ఏళ్లు గడిచాయి. గదిలో, రిహార్సల్స్‌లో, స్టేజీ మీద గంటల తరబడి వాయించాను. ఒక్కటి కూడా మార్చాల్సిన అవసరం రాలేదు, మళ్లీ కొనాల్సి వచ్చినా ఇవే కొంటాను. కానీ ఇందులో బ్రాండ్ గొప్పతనం సగమే అంటాను. ఏ కెపాసిటర్‌ని ఎక్కడ పెడుతున్నాం, అక్కడ దాని మీద ఎంత వోల్టేజ్ పడుతుంది, పక్కన ఎంత వేడి ఉంటుంది అన్నవి చూసుకోవడమే మిగతా సగం.

ఆంప్ వివరాలు క్లుప్తంగా: పుష్-పుల్‌లో (జంటగా, ఎదురెదురు దశల్లో పనిచేసేలా) రెండు ఈఎల్34 అవుట్‌పుట్ వాల్వులు, రెక్టిఫయర్‌గా జీజెడ్34 వాల్వు, ముందు మూడు ఈసీసీ83 చిన్న వాల్వులు. మార్షల్ జేటీఎం45 సర్క్యూట్ ఆధారంగా కట్టాను. ఆ సర్క్యూట్‌కి మూలం ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఎ కాబట్టి, ఆ కుటుంబానికి చెందిన ఏ ఆంప్‌కైనా కింది లెక్కలు ఇంచుమించు సరిపోతాయి.

అంతకుముందు అందులో ఉన్నది పేరూ ఊరూ లేని ఒక డబ్బా కెపాసిటర్. దాని క్షీణత మొదట హమ్‌గా (గుయ్యిమనే శబ్దంగా) కాక, నోట్ల కింద వినిపించింది. సన్న తీగ మీద అయిదో ఫ్రెట్ దగ్గర 440 హెర్ట్జ్ నోట్ పట్టి వాల్యూమ్ పెంచితే, దాని అడుగున శ్రుతి తప్పిన మరో స్వరం మూలిగేది. దీన్నే ఘోస్ట్ నోట్ అంటారు. 50 హెర్ట్జ్ కరెంట్‌ని ఫుల్ వేవ్‌లో రెక్టిఫై చేస్తే మిగిలే రిపుల్ (డీసీ మీద మిగిలిన అల) 100 హెర్ట్జ్. ఆంప్ ఓవర్‌డ్రైవ్‌లోకి వెళ్లినప్పుడు ఆ రిపుల్ నోట్‌తో కలిసి 340, 540 దగ్గర కొత్త స్వరాలు పుట్టిస్తుంది. అవి ఏ కార్డ్‌లోనూ ఇమడవు. చాలామంది దీన్ని స్పీకర్ లోపమనో, ఫ్రెట్ బజ్ అనో అనుకుంటారు. క్లీన్‌గా వాయిస్తే పోయి, గట్టిగా తోసినప్పుడే వస్తుంటే మాత్రం ముందు ఫిల్టర్ కెపాసిటర్లనే అనుమానించండి. ఆ డబ్బాని విప్పి చూస్తే అడుగున రబ్బరు సీల్ చుట్టూ గోధుమరంగు జిగురు తేలి ఉంది. మీటర్ పెడితే ఒక భాగం రాసి ఉన్న విలువలో సగం కూడా చూపించలేదు.

హమ్ ఎక్కడిదో తేల్చుకునే పద్ధతి ఒకటుంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ అలాగే ఉంటే అది చాలావరకు పవర్ సప్లై నుంచో, చివరి స్టేజీల నుంచో వస్తున్నట్టు. ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ని రెండు ఎదురు దశలుగా చీల్చి అవుట్‌పుట్ వాల్వులకిచ్చే) వాల్వ్ తీసేసినా వినిపిస్తుంటే అవుట్‌పుట్ స్టేజ్‌దే. శబ్దం 50 హెర్ట్జ్‌దైతే హీటర్ వైరింగ్‌నో గ్రౌండ్‌నో చూడాలి. అలాంటి హమ్‌కి కెపాసిటర్లు మార్చి లాభం లేదు.

ఇక వోల్టేజ్. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వాయిస్తున్నప్పుడు నా ఆంప్‌లో హెచ్‌టీ (వాల్వులకిచ్చే అధిక డీసీ వోల్టేజ్) 420 వోల్టుల దగ్గర ఉంటుంది. అది చూసి 450 వోల్ట్ కెపాసిటర్ చాలులే అనిపిస్తుంది. చాలదు. నా ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 325-0-325, అంటే సెంటర్ ట్యాప్‌కి రెండు వైపులా 325 వోల్టులు. అవుట్‌పుట్ వాల్వులు కరెంట్ లాగని క్షణంలో వోల్టేజ్ 325ని 1.414తో గుణిస్తే వచ్చే 460 దాకా ఎక్కుతుంది. లైన్ వోల్టేజ్ ఆరు శాతం పెరిగితే అదే 487 అవుతుంది. ఈఎల్34లు తీసేసి ఆన్ చేసినా, ఫ్యూజ్ పోయి అవుట్‌పుట్ స్టేజ్ మూగబోయినా కెపాసిటర్ మీద పడేది ఆ పూర్తి వోల్టేజే. ప్రీఆంప్ దగ్గర కూడా ఇదే లెక్క. అక్కడ మీటర్ 290 చూపిస్తుంది కదా, 350 వోల్ట్‌ది వేద్దాం అనుకోకండి. ఆ తగ్గుదల అంతా రెసిస్టర్లలో కరెంట్ పారడం వల్ల వచ్చింది. వాల్వులు చల్లగా ఉంటే కరెంటే లేదు, తగ్గుదలా లేదు. అందుకే నేను మొదటి నుంచి చివరి దాకా అన్నీ 500 వోల్ట్‌వే వేశాను. మీ లెక్క 500 దాటితే రెండిటిని సిరీస్‌లో పెట్టడం తప్పదు. 100 మైక్రోఫారడ్ 350 వోల్ట్‌వి రెండు కలిపితే 50 మైక్రోఫారడ్, 700 వోల్టులు. ఒక్కోదానికి అడ్డంగా 220 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే వోల్టేజ్ సమానంగా పంచుకుంటాయి. రెండిట్లో హెచ్‌టీ వైపున్న పై కెపాసిటర్ అల్యూమినియం ఒంటికి దాని నెగటివ్‌తో లోపల సంబంధం ఉంటుంది. అంటే ఆ డబ్బా హెచ్‌టీలో సగం వోల్టేజ్ మీద కూర్చుంటుంది. పైనున్న పల్చటి ప్లాస్టిక్ తొడుగుని నమ్మి దాన్ని చాసిస్‌కి (ఆంప్ లోహపు చట్రానికి) ఆనించవద్దు.

రెక్టిఫయర్ వెనక మొదటి కెపాసిటర్‌ది అన్నిటికన్నా కష్టమైన చోటు. ఛార్జింగ్ కరెంట్ అందులోకి చిన్న చిన్న పల్సులుగా దూసుకొస్తుంది. అక్కడ రిపుల్ కరెంట్ రేటింగ్ (ఎంత పల్స్ కరెంట్‌ని తట్టుకుంటుందన్న అంకె) బాగున్నదే కావాలి, డేటాషీట్‌లో ఆ అంకె చూడకుండా కొనకూడదు. విలువ విషయంలో వాల్వ్ రెక్టిఫయర్‌కి హద్దు ఉంటుంది. జీజెడ్34 డేటాషీట్ 60 మైక్రోఫారడ్ దాటొద్దంటుంది. అందుకే 47. దీన్ని డబ్బాలో ఒక భాగంగా కాకుండా విడిగా యాక్సియల్ (రెండు చివర్లా తీగలుండే) రకంలో తీసుకోవడానికి కారణం గ్రౌండింగ్. డబ్బాలో రెండు భాగాలకీ నెగటివ్ ఒక్కటే. మొదటి కెపాసిటర్ పల్సులు ఆ ఉమ్మడి నెగటివ్ గుండా పారితే రెండో భాగానికీ అంటుకుంటాయి. విడిగా ఉంటే దాని నెగటివ్‌ని నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌కి కలిపి, అక్కడి నుంచి ఒకే తీగ చాసిస్‌కి తీసుకోవచ్చు. నా ఆంప్‌లో మిగిలిన కాస్త గుయ్యిమనే శబ్దం కూడా దీనితోనే పోయింది. కెపాసిటర్ మార్పు కన్నా ఈ తీగ మార్పే ఎక్కువ పనిచేసిందని గట్టిగా నమ్ముతాను.

చోక్ తర్వాత 32 బదులు 100 వేస్తే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుందా అని చాలామంది అడుగుతారు. 10 హెన్రీల చోక్ 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 6,280 ఓమ్‌లు అడ్డుపడుతుంది, 32 మైక్రోఫారడ్‌ది 50 ఓమ్‌లు. రిపుల్ అక్కడికే నూటపాతిక వంతుల్లో ఒక వంతుకి పడిపోతుంది. ఇంకా తగ్గించినా చెవికి తెలియదు. తెలిసేది వేళ్లకి. అక్కడ పెద్ద విలువ పెట్టి కొంతకాలం వాయించాను. బేస్ బిగుసుకుంది, లో ఈ తీగ మీద దెబ్బ సూటిగా తగిలింది. కానీ కార్డ్ గట్టిగా కొట్టినప్పుడు ఆంప్ కొంచెం ఒదిగి మళ్లీ పైకి లేచే ఆ సాగుడు తగ్గిపోయింది. బ్లూస్ వాయించే నాకు ఆ సాగుడే ప్రాణం, 32కే తిరిగొచ్చాను. మెటల్ రిథమ్ వాయించేవాళ్లకి బహుశా నా నిర్ణయం నచ్చదు, వాళ్లకి 50+50 సరైనది.

వేడి గురించి ఒక మాట. ఈ ఎలక్ట్రోలిటిక్ రకం కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకీ సుమారు రెట్టింపవుతుందనేది వాడుకలో ఉన్న లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్నది 55 దగ్గర 16,000 గంటలు రావాలి. రోజుకి రెండు గంటలు వాయించినా ఇరవై ఏళ్లు దాటుతుంది. అందుకే 105 డిగ్రీల రకమే కావాలని పట్టుబట్టను. దాని బదులు కెపాసిటర్‌ని జీజెడ్34 సాకెట్ పక్క నుంచి జరిపాను, ఇప్పుడు వాయించాక ముట్టుకుంటే గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. కొనే ముందు కొలతలు కూడా చూసుకోండి. స్ప్రేగ్ ఆటమ్ రకం కెపాసిటర్ కూడా మంచి పేరున్నదే, నా బోర్డ్ మీద మాత్రం అంత పొడవుకి చోటు లేదు. ఏళ్ల తరబడి షెల్ఫ్‌లో ఉండిపోయిన పాత స్టాక్ కన్నా, ఈమధ్య తయారైన మామూలు బ్రాండే మేలు. వాడకుండా ఉంటే లోపలి ఆక్సైడ్ పొర పల్చబడుతుంది. అలాంటిదాన్ని నేరుగా పూర్తి వోల్టేజ్‌కి కలపకుండా, రెసిస్టర్ ద్వారా మెల్లగా ఎక్కించాలి.

చేయి పెట్టే ముందు ప్లగ్ తీసి కెపాసిటర్ల మీద మిగిలిన వోల్టేజ్‌ని మీటర్‌తో కొలవండి, సున్నాకి దగ్గరగా వచ్చిందని అంకె చూశాకే ముట్టుకోండి. నేను మొదటి కెపాసిటర్‌కి అడ్డంగా 220 కిలోఓమ్, 3 వాట్ల బ్లీడర్ (ఆఫ్ చేశాక ఛార్జ్‌ని ఖాళీ చేసే రెసిస్టర్) శాశ్వతంగా పెట్టేశాను. అన్నీ కలిపి 155 మైక్రోఫారడ్ కాబట్టి ఖాళీ కావడానికి మూడు నిమిషాలు పడుతుంది. బ్లీడర్ ఉంది కదా అని కొలవడం మానకూడదు, దాని సోల్డర్ ఊడిపోయి ఉండొచ్చు.

పెద్ద కెపాసిటర్లు మార్చేటప్పుడు చాలామంది వదిలేసేది బయాస్ (అవుట్‌పుట్ వాల్వుల కరెంట్‌ని అదుపులో ఉంచే నెగటివ్ వోల్టేజ్) సప్లైలోని చిన్న కెపాసిటర్‌ని. అది ఎండిపోతే నెగటివ్ బయాస్ తగ్గిపోయి ఈఎల్34 ప్లేట్లు ఎర్రబడతాయి. 100 వోల్ట్‌ది కొత్తది వేయండి. అక్కడ వోల్టేజ్ నెగటివ్ కాబట్టి ప్లస్ కాలు చాసిస్‌కి పోవాలి, మిగతా వాటికి పూర్తిగా తిరగేసి. వేశాక అవుట్‌పుట్ వాల్వులు సాకెట్‌లో పెట్టకముందే గ్రిడ్ పిన్ దగ్గర నెగటివ్ వోల్టేజ్ వస్తోందో లేదో చూసుకోండి.