పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చదువు: ఏళ్లుగా నడిపించాక మా అభిప్రాయం

దేవరకొండ వైపు ప్రైమరీ స్కూలు, హైస్కూలు ఒకే ఆవరణలో ఉన్న సర్కారు బడులకు ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లకు చెప్పాలి. తెలుగు చదవడానికి, కూడికలు తీసివేతలకు దీన్ని మించిన సాయం లేదు. ఇంగ్లీషు గ్రామర్ మాత్రం వద్దు. చెప్పేవాళ్లకే అది సగం సగం వస్తుంది, ఆ తప్పులే కిందికి దిగుతాయి.

క్లాస్ ఫస్టు వచ్చేవాళ్లకంటే కష్టపడి నేర్చుకున్న మధ్యరకం పిల్లలే బాగా చెబుతారు. ఎక్కడ ఆగిపోతారో వాళ్లకు తెలుసు. ఒక్కరికి ఇద్దరే, మూడో పిల్ల దిక్కులు చూస్తూ కూర్చుంటుంది. తండాల నుంచి వచ్చే చిన్నోళ్లకు లంబాడీ మాట్లాడే అక్కను ఇస్తే లెక్క అడుగుతున్నదేమిటో ముందు అర్థమవుతుంది. ప్రైమరీ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని తెలంగాణ సర్కారు 2022లో మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమంలో పిల్లల స్థాయి ఎట్లాగూ చూస్తున్నాం కాబట్టి జతలు కలపడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

ప్రార్థన కాగానే 25 నిమిషాలు చాలు. అన్నం తిన్నాక పెడితే నిద్రకు తూగుతారు.

అసలు చిక్కు పెన్సిల్ దగ్గర వస్తుంది. 52 లోంచి 27 తీసేయమంటే చిన్నోడు 35 అని వేస్తాడు. పైన 2 చిన్నది కదా అని 7 లోంచి 2 తీసేస్తాడు. అన్నకు ఓపిక ఉండదు, పెన్సిల్ గుంజుకుని 25 అని తనే వేసేస్తాడు. చిన్నోడు దాన్ని చూసి రాసుకుంటాడు, ఏమీ రాదు. అందుకే పెన్సిల్ చిన్నోళ్ల చేతిలోనే ఉండాలన్నది మొదటి షరతు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేసి అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ముందు పెట్టించండి. ఏడు తీయడానికి పుల్లలు చాలవని వాడికే కనబడుతుంది, కట్ట విప్పుతాడు. కట్ట విప్పాక లెక్కలో 5 కొట్టేసి 4 వేయించడం మర్చిపోతే మళ్లీ 35 వస్తుంది.

చదివించేటప్పుడు వేలు చిన్నోళ్లదే అక్షరం కింద ఉండాలి. ఒత్తు దగ్గర ఆగితే, మనసులో పది లెక్కపెట్టాకే అందించమని పెద్దోళ్లకు నేర్పాలి. కొట్టడం, తిట్టడం కనబడితే ఆ రోజే జత మార్చేయాలి.

పత్తి ఏరే రోజుల్లో హాజరు పడిపోయి జతలు చెదిరిపోతాయి. ఇద్దరు ముగ్గురిని అదనంగా తయారు చేసి పెట్టుకోండి. ఏ పదం దాకా వచ్చిందో చిన్నోళ్ల నోటుబుక్కు చివరి పేజీలో తేదీతో రాయిస్తే, మరునాడు ఎవరు కూర్చున్నా అక్కడి నుంచే అందుకుంటారు.